నాలుగు నిమ్మకాయలు, ఒక ఇరుసు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ళ వయసు, మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా, అందులో డిస్టింక్షన్. ఈ మూడూ ఒకే మనిషిలో కలిస్తే చుట్టుపక్కల యంత్రాలకు ప్రమాదమని ఏ దేశంలోనూ బోర్డు పెట్టరు, ఎమిరేట్స్‌లోనూ పెట్టలేదు. కరోనా మాస్కులు ముక్కు మీది నుంచి గడ్డం కిందికి దిగిన 2021 అది. తణుకులో మా నాన్నగారు "మావాడు దుబాయ్‌లో ఆటోమొబైల్ ఇంజనీరండి" అని కనబడినవాళ్ళందరికీ చెప్పుకుంటున్నారు. నిజానికి అది దుబాయ్ కాదు, అజ్మాన్. నేను ఇంజనీరునూ కాదు, గ్యారేజీలో ట్రైనీని. ఆటోమొబైల్ అన్నది మాత్రం అబద్ధం కాదు, వాటిని రోజూ కడిగేవాణ్ణి. ఆరు నెలల ప్రొబేషన్. ఆ ఆరు నెలలూ సజావుగా గడిస్తే ఉద్యోగం ఖాయం, తేడా వస్తే వీసా రద్దుచేసి విమానం ఎక్కిస్తారు. నేను మాత్రం ఆ ఆరు నెలలూ వాళ్ళనే నేను పరీక్షిస్తున్నానన్న ధీమాలో ఉండేవాణ్ణి.

మా గ్యారేజీ అజ్మాన్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఉండేది. పాత అమెరికా కార్లను విప్పి, బాగుచేసి, మళ్ళీ పెళ్ళికొడుకులా తయారుచేసి పంపడం పని. యజమాని ఒక ముసలి అరబ్బు, అందరూ ఆయన్ని అర్బాబ్ అనేవాళ్ళు. ఆయన నెలకోసారి వచ్చి చాయ్ తాగి వెళ్ళేవాడు. రోజువారీ పెత్తనం మేనేజరుది, ఆయన్ని ముదీర్ అనాలి. (ముదీర్ గారికి కార్ల గురించి తెలిసింది బహుస్వల్పం. కానీ సెలవు కాగితం మీద సంతకం పెట్టకుండా ఎన్ని రోజులు గడపవచ్చో ఆయనకు తెలిసినంతగా ప్రపంచంలో ఎవరికీ తెలియదు.) ఇక నిజంగా పనిచేసేది మామ. జగిత్యాల దగ్గర పల్లెటూరి మనిషి, ఏడో తరగతి దాకా చదివాడు, పాతికేళ్ళుగా గల్ఫులో బళ్ళ కింద పడుకునే ఉన్నాడు. మిగతా దేశాలవాళ్ళకు ఆయన ఉస్తాద్, మా తెలుగువాళ్ళకు మామ. ఇంజన్ బోనెట్ మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని లోపల ఏ రోగమో చెప్పేవాడు. నేను దీన్ని అశాస్త్రీయమని ఖండించేవాణ్ణి. ఆయన చెప్పిందే నిజమయ్యేది. అది కాకతాళీయమని కూడా నేనే వివరించేవాణ్ణి.

ఆ ఏడాది మా చేతిలో ఉన్నది అర్బాబ్ సొంత కారు. యాభై ఏళ్ళ నాటిది, రెండు తలుపులు, పొడుగాటి ముక్కు, ఎర్రరంగు. మజిల్ కార్ అంటారు, అంటే కండలు తిరిగిన కారని అర్థం. వాళ్ళ నాన్నగారు కొన్నదట. పుట్టినప్పుడు దానికి చిన్న ఇంజనే ఉండేది, అర్బాబ్ పెద్ద ఇంజన్ వేయించాడు. కానీ ఆ బలాన్ని చక్రాలకు అందించే వెనక ఇరుసు మాత్రం పాతదే, చిన్న ఇంజన్‌కు చేసినదే. మార్చేద్దామని మామ రెండుసార్లు అడిగాడు. "నాన్నగారి కారు, వెనక భాగం ముట్టుకోవద్దు" అన్నాడట అర్బాబ్. దాంతో మామ మా అందరినీ నిలబెట్టి ఒకే మాట చెప్పాడు: "దీని గుండె పెద్దది, నడుము సన్నది. నిలబడ్డకాడ రేస్ ఇయ్యకుండ్రి. మెల్లగ క్లచ్ ఇడువాలె, మెల్లగ పోవాలె. గుంజితే ఇరుగుతది." నా వైపు ఇంకో క్షణం ఎక్కువ చూశాడు. "నీకే చెప్తున్న, ఇంజనీరూ." మామకు టార్క్ అనే పదం తెలియనందుకు నేను లోలోపల జాలిపడ్డాను.

ఈ కారు మీద మామ సెలవు ఆధారపడి ఉంది. మామ ఊళ్ళో ఇల్లు కట్టాడు. కట్టాడు అంటే ఫోన్‌లో కట్టాడు. పునాది, పిల్లర్లు, స్లాబు, చివరికి బాత్రూం టైల్స్ దాకా అన్నీ వీడియో కాల్‌లో మేస్త్రీతో పోట్లాడి కట్టించినవే. రెండేళ్ళకోసారి వచ్చే సెలవును కిందటేడు కరోనా మింగేసింది, మూడేళ్ళుగా ఊరికి పోలేదు కాబట్టి తన ఇంట్లో తాను ఒక్కసారీ కాలు పెట్టలేదు. శుక్రవారం పొద్దున గృహప్రవేశం. అయ్యగారు ముహూర్తం పెట్టారు, బుధవారం సాయంత్రం విమానం టికెట్ ఉంది. ముదీర్ గారి షరతు ఒక్కటే: "సోమవారం కారు అర్బాబ్ చేతిలో పెట్టు, మంగళవారం సెలవు కాగితం తీసుకో. ఖలాస్." ఆదివారం పొద్దుటికే కారు తయారైపోయింది. మామ దానికి మైనం పూసి, అద్దంలో చూసుకుని మీసం దువ్వుకున్నాడు. ఆయన్ని అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు. ఆ సంతోషాన్ని ఇంకాస్త పెంచుదామని నాకు బుద్ధి పుట్టింది.

మా వైపు కొత్త బండి గాని, బాగుచేసిన బండి గాని గుమ్మం దాటాలంటే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాల్సిందే. మా నాన్నగారి స్కూటర్ ఇంజన్ ఆయిల్ మార్పించుకున్నా నిమ్మకాయ తొక్కేది. శాస్త్రీయ దృక్పథం అని ఊగిపోయే నేను ఈ విషయంలో మాత్రం మా అమ్మ కొడుకునే. "మామా, నిమ్మకాయలు తొక్కించకుండా బండి బయటికి పంపుతారా?" అని అడిగాను. "అర్బాబ్ బండికి నిమ్మకాయలేందిరా? ఆయన అడిగిండా? సప్పుడు చేయకుండ తుడువు" అన్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని పెద్దలు ఊరికే అనలేదు. కానీ నా ఆలోచన వేరు. కారుకు దిష్టి తగిలితే మామ ప్రయాణానికి ఆటంకం వస్తుంది కదా! మామ మేలు కోరే, మామకు చెప్పకుండా, నిమ్మకాయలు తొక్కించాలని నిశ్చయించుకున్నాను. (ఆ కారు స్టీరింగు ముందు కూర్చుని ఒక్కసారైనా స్టార్ట్ చెయ్యాలని నాలుగు నెలలుగా నాకున్న కోరికకూ దీనికీ ఏ సంబంధమూ లేదని అప్పుడు నన్ను నేను నమ్మించుకున్నాను. ఇప్పుడు మిమ్మల్ని నమ్మమనడం లేదు.)

మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయారు. నేను ఎదురుగా ఉన్న సూపర్ మార్కెట్‌కి పరుగెత్తాను. మన చిన్న నిమ్మకాయలు ఆ రోజు లేవు. ఏదో దేశం నుంచి వచ్చినవి, కోడిగుడ్డుకన్నా పెద్దవి, పచ్చగా మెరుస్తూ, ఒక్కోదాని మీద ఒక గుండ్రటి స్టిక్కరుతో ఉన్నాయి. పెద్ద కారుకు పెద్ద నిమ్మకాయలు, లెక్క సరిపోయిందనుకున్నాను. నాలుగు చక్రాలకూ నాలుగు, ముందు వైపు గట్టిగా నొక్కి పెట్టాను. అర్బాబ్ వస్తున్నాడని రెండు రోజుల కిందటే గ్యారేజీ నేలంతా నున్నటి ఆకుపచ్చ రంగు వేశారు, అద్దంలా ఉంది. కూర్చున్నాను, అమ్మను తలుచుకున్నాను, తాళం తిప్పాను. ఆ ఇంజన్ మోతకు నా డిగ్రీ సర్టిఫికెట్ కూడా ఫ్రేములో వణికి ఉంటుంది. మెల్లగా క్లచ్ వదిలాను. కారు నిమ్మకాయలకు ఆనుకుని ఆగిపోయింది, ఇంజన్ ఆరిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశాను, మళ్ళీ ఆరిపోయింది. ఇక్కడే నా చదువు అక్కరకు వచ్చింది. అడ్డంకిని దాటాలంటే బలం పెంచాలి. పెంచాను.

వెనక చక్రాల కింద నిమ్మకాయలు పచ్చడయ్యాయి. ఆ రసంలో, ఆ నున్నటి రంగు మీద, టైర్లు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. పొగ లేచింది. నిజం చెప్పాలంటే ఆ రెండు క్షణాలూ నా జీవితంలోకెల్లా గొప్ప క్షణాలు. అద్దంలో పొగ చూసుకుంటూ, ఎవరైనా వీడియో తీస్తే బాగుండునని కూడా అనుకున్నాను. అంతలో కారు జారుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. అక్కడ రంగు వెయ్యలేదు, గరుకు కాంక్రీటు. అంత వేగంగా తిరుగుతున్న చక్రాలు ఒక్కసారిగా దాన్ని పట్టుకున్నాయి. టంగ్! గుడిగంట మోగినట్టు ఒకే ఒక్క మోత. కారు గుమ్మంలో ఆగిపోయింది. నేను కంగారులో కాలు తియ్యలేదు, ఇంజన్ మోగుతూనే ఉంది, ముందున్న మీటరు గంటకు నలభై చూపిస్తోంది. మీటరు ప్రకారం నేను షార్జా పొలిమేరలు దాటుతున్నాను. అజ్మాన్‌లో, అదే గుమ్మంలో, అంగుళం కూడా కదలడం లేదు.

కంగారులో నేను చేసిన మొదటి పని సాక్ష్యాలు మాయం చెయ్యడం. నిమ్మతొక్కలు ఊడ్చేశాను, నేల కడిగేశాను. అందరూ తిరిగొచ్చేసరికి తేలు కుట్టిన దొంగలా ఒక మూల స్పానర్లు తుడుస్తున్నాను. మామ కారును చూశాడు. వంగి కిందికి దూరాడు, పది నిమిషాలు బయటికి రాలేదు. బయటికొచ్చి ఎవరి వైపూ చూడకుండా చేతులు తుడుచుకున్నాడు. ఈలోగా ముదీర్ గారు దిగారు. "క్యా హువా ఉస్తాద్?" "ఆక్సిల్ టూట్ గయా సాబ్. పురానా థా" అన్నాడు మామ. ఇరుసు విరిగింది, పాతది అని, అంతే. అక్కడితో నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథలో నేను మామూలు వెధవగా మిగిలేవాణ్ణి. కానీ ఎవరూ అడగకుండానే ముందుకొచ్చి, ఒక అట్టపెట్టె ముక్క మీద బొమ్మ గీసి, ఇనుము యాభై ఏళ్ళలో ఎలా అలసిపోతుందో, లోపల కంటికి కనబడని పగుళ్ళు ఎలా పుడతాయో, ఒక రోజు ఏ కారణమూ లేకుండా దానంతటదే ఎలా విరిగిపోతుందో ఇంగ్లీషులో ఉపన్యాసం ఇచ్చాను. ఏ కారణమూ లేకుండా అన్న మాటను రెండుసార్లు నొక్కి చెప్పాను. ముదీర్ గారు తల పంకించారు. ఆయన ముఖంలో నా మీద గౌరవం స్పష్టంగా కనబడింది. ఆ తర్వాత మామ వైపు తిరిగారు. "పగుళ్ళు ముందే ఉన్నాయంటే చూసుకోవాల్సింది నువ్వే కదా? కారు నడిచేదాకా సెలవు లేదు. టికెట్ క్యాన్సిల్ చేసుకో. యల్లా, పని చూడు."

నా డిస్టింక్షన్ ఉపయోగపడిన ఏకైక సందర్భం అదే.

మామ బయట నీడలో కూర్చుని ఇంటికి ఫోన్ చేశాడు. "నేను వత్తనో రానో. అయ్యగారికి చెప్పు, నువ్వూ తమ్ముడూ కూసోండ్రి" అన్నాడు. అవతల అత్తమ్మ ఏమందో వినబడలేదు. చాలాసేపు విన్నాడు. "ఏడ్వకు. ఇల్లేమన్న ఉరుకుతదా" అని పెట్టేశాడు. నేను పక్కనే ఉన్నానని అప్పుడే చూశాడు. "తిన్నవా?" అని అడిగాడు. తినలేదు. చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. ప్రొబేషన్, వీసా, తణుకులో నాన్నగారు, ఆయన చెప్పుకున్న మాటలు అన్నీ కలిసి నోటికి తాళం వేశాయి. మింగలేక కక్కలేక అంటారే, అది. పిరికితనం అని ఒక్క మాటలో కూడా అనవచ్చు.

సోమవారం పొద్దున ఇద్దరం షార్జాలో పాత బళ్ళ సామాను అమ్మే చోటికి వెళ్ళాం. కొత్త ఇరుసు అమెరికా నుంచి రావాలంటే మూడు వారాలట. అక్కడ దుకాణాల ముందు ఇనుము గుట్టలు పోసి ఉంటుంది. నేను ఫోన్‌లో నంబర్లు వెతుకుతుంటే, మామ ఒక్కో ఇరుసునూ ఎత్తి, చివర ఉన్న పళ్ళను బొటనవేలి గోటితో లెక్కపెట్టుకుంటూ పోతున్నాడు. ఎండ నెత్తి మాడుస్తోంది. చివరికి ఒక ఇరుసు దొరికింది. పళ్ళు సరిపోయాయి గాని వేలెడు పొడుగు ఎక్కువ, లేతు మిషన్ మీద కోయించాలి, గురువారం గాని ఇవ్వనన్నాడు పనివాడు. బుధవారం విమానం అంతటితో పోయినట్టే. మామ సరేనని తల ఊపి, మంచినీళ్ళు తాగి, జేబులోంచి ఏదో తీసి నా అరచేతిలో పెట్టాడు. గుండ్రటి చిన్న స్టిక్కరు. నిమ్మకాయ మీదిది.

"టైరు సందుల దొర్కింది" అన్నాడు.

"మీకు నిన్ననే తెలుసా మామా? మరి ముదీర్‌కి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నీ వీసా పాయె. నాది లీవే గదా, వత్తది పోతది." నీళ్ళ సీసా మూత బిగిస్తూ, "గా బొమ్మ గీసుడు మాత్రం జర ఎక్కువైంది బిడ్డా" అన్నాడు. తిట్టి ఉంటే భరించేవాణ్ణి. ఆ ఇనుము గుట్టల మధ్య నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను. పక్క దుకాణం పఠాన్ ఒకతను ఎవరో పోయారనుకుని నాకు చాయ్ తెచ్చి ఇచ్చాడు.

సాయంత్రం అర్బాబ్ వచ్చాడు. ముదీర్ గారు నా ఉపన్యాసాన్నే తన మాటల్లో ఆయనకు అప్పజెబుతున్నారు. నేను మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాను. నాకు వచ్చిన అరబ్బీ పది మాటలు, హిందీ ఇరవై. వాటన్నిటినీ వాడేశాను. నేనే నడిపాను, ఉస్తాద్ వద్దన్నాడు, నిమ్మకాయలు పెట్టాను, రేస్ ఇచ్చాను, ఉస్తాద్ తప్పు మాఫీ (అక్కడి భాషలో మాఫీ అంటే లేదు అని), తప్పు నాది. మామ వెనక నుంచి నా చొక్కా లాగుతూనే ఉన్నాడు. ముదీర్ గారి ముఖం గ్యారేజీ నేల రంగుకు తిరిగింది. అర్బాబ్ నిమ్మకాయలు ఎందుకని అడిగాడు. దిష్టికి హిందీలో ఏమంటారో తట్టక కంటి వైపు వేలు చూపించాను. "ఆ, నజర్!" అన్నాడు ఆయన, అది ఆయనకు మాకన్నా బాగా తెలిసిన విషయంలా. తర్వాత అడిగిన ప్రశ్న ముదీర్ గారికి బొత్తిగా నచ్చలేదు.

"ధువా నిక్లా?" పొగ వచ్చిందా అని.

వచ్చిందన్నాను. బాగానా అన్నాడు. బాగానే అన్నాను. ముసలాయన కుర్చీలో కూర్చుని భుజాలు కదిలేలా నవ్వాడు. తన పద్దెనిమిదో ఏట సముద్రం ఒడ్డు రోడ్డు మీద స్నేహితుల ముందు ఇదే కారు ఇరుసు తాను రెండుసార్లు విరగ్గొట్టాడట. రోడ్డు బాగాలేదని వాళ్ళ నాన్నకు చెప్పాడట. ఆయన నమ్మినట్టే ఉండి, మూడోది తన చేతులతో తానే బిగించి, ఇక మెల్లగా నడుపు నాయనా అన్నాడట. అందుకే దాన్ని మార్చనివ్వలేదు. ఇది చెబుతున్నప్పుడు ఆయన నవ్వు కొంచెం తగ్గింది. లేచి, మామ భుజం మీద చెయ్యి వేసి ముదీర్ గారితో అన్నాడు: "ఉస్తాద్ ఇంటికి పోతాడు, ఎల్లుండే. విరగ్గొట్టినవాడు బిగిస్తాడు. శుక్రవారం సాయంత్రం నాకు కారు కావాలి." ముదీర్ గారు అదే క్షణంలో, అక్కడే, నిలబడి సంతకం పెట్టారు. నిలబడి కూడా సంతకం పెట్టవచ్చని ఆయనకు ఆ రోజే తెలిసి ఉంటుంది.

బుధవారం మామ విమానం ఎక్కాడు. ఎక్కేముందు ఏ బోల్టు ముందు, ఏది తర్వాత అని మూడుసార్లు అప్పజెప్పించుకున్నాడు. గురువారం సాయంత్రం ఇరుసు వచ్చింది. శుక్రవారం సెలవు, గ్యారేజీలో నేనొక్కణ్ణే. కారు కింద పడుకుని, పొద్దున తొమ్మిదింటికి ఇరుసు లోపలికి తోస్తే సగం పోయి ఆగిపోయింది. తిప్పినా పోదు, కొట్టినా పోదు. నాలుగేళ్ళ చదువులో ఈ పాఠం ఎక్కడా లేదు. వద్దు వద్దనుకుంటూనే వీడియో కాల్ చేశాను. మామ ఎత్తాడు. పట్టుపంచె, నుదుట బొట్టు, చుట్టూ హోమం పొగ, అయ్యగారి మంత్రాలు. "ఏమైంది? చూపియ్యి" అన్నాడు గుసగుసగా. చూపించాను. "ఇంక జర ఎడమకు తిప్పు. గట్టిగ కాదు, బుజ్జగించు... ఆఁ, గట్ల." ఇరుసు చిన్న చప్పుడుతో లోపలికి జారి కూర్చుంది. అవతల అత్తమ్మ గొంతు వినబడింది: "మూడేండ్లకు ఇంటికి వత్తివి, గీడ గూడ గా కారేనా?"

సాయంత్రం అర్బాబ్ మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా, చాలా మెల్లగా, కారు నడుపుకుంటూ వెళ్ళిపోయాడు. నా ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పొడిగించారు, అది న్యాయమే. ఇప్పుడు ఇరుసులు నేనే బిగిస్తాను, పళ్ళు గోటితో లెక్కపెట్టడం కూడా వచ్చింది. ఇనుము అలసట గురించి ఎవరైనా మాట్లాడబోతే మాత్రం లేచి వేరే పని చూసుకుంటాను.

పోయిన ఏడాది సెలవులో జగిత్యాల వెళ్ళి మామ ఇల్లు చూసొచ్చాను. హాల్లో గృహప్రవేశం ఫోటో పెద్దది చేయించి గోడకు పెట్టారు. అత్తమ్మ, ఆయన తమ్ముడు, పిల్లలు, అయ్యగారు అందరూ కెమెరా వైపు చూసి నవ్వుతున్నారు. పాతికేళ్ళు కష్టపడి కట్టుకున్న ఇంట్లో, పీటల మీద కూర్చున్న మామ ఒక్కడు మాత్రం ఒళ్ళో ఉన్న ఫోన్ వైపు చూస్తున్నాడు. ఆ ఫోన్ తెరలో, పరీక్షగా చూస్తే, గ్రీజు పూసుకున్న ముఖం ఒకటి నోరు తెరుచుకుని కనబడుతుంది. వేరే ఫోటో పెట్టుకోకూడదా మామా అన్నాను. "అందరున్నరు గదా అండ్ల" అన్నాడాయన. ఆ ఫోటోలోని ఇరవై మూడేళ్ళ మేధావిని చూస్తే నాకు చెంప పగలగొట్టాలనిపిస్తుంది, కాసేపటికి నవ్వూ వస్తుంది.